సగం దగ్గర ఆగిన ముల్లు

డీజిలు అయిపోయిందని నేను అబద్ధమాడానట. మా చెల్లెలు పైడమ్మ అంది. తన పెద్దకూతురి పెళ్లిపందిట్లో, నలుగురూ వింటుండగా అంది. నేను అబద్ధమాడలేదు. డీజిలు నిజంగానే అయిపోయింది. అబద్ధమాడింది నా బండిలోని ముల్లు.

ఇది రెండేళ్ల కిందటి మాట. ఈ వేసవిలో పైడమ్మ రెండో కూతురి పెళ్లికి అదే బండిలో, అదే దారిన, బిలాస్‌పూర్ నుంచి బొబ్బిలికి మళ్లీ వెళ్లివచ్చాను. ఆ దారి చూడనివారి కోసం రాస్తున్నాను. కాని ముందు ఆ ముల్లు సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

రైలు పెట్టెల్లో దీపాలు, పంకాలు చూసే బిలాస్‌పూర్ డిపోలో నేను ఉద్యోగం చేశాను. బడిలో చదివింది ఐదో తరగతి. కరెంటు గురించి నాకు తెలిసినదంతా రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో, పక్కన నిఘంటువు పెట్టుకుని నేర్చుకున్నది. రిటైరయిన రోజున మెడలో దండ వేశారు. ఆ దండ వాడకముందే క్వార్టరు ఎప్పుడు ఖాళీ చేస్తావని అడిగారు. జన్మంతా ఉన్న క్వార్టరు, నేను పాతిన మునగచెట్టు, అన్నీ వదిలి ఆ ఊళ్లోనే తోర్వా అనే పేటలో అద్దె ఇంటికి మారాం. ఆ కోపంలోనే వేలంపాటలో ఒక వ్యాను కొన్నాను. ఏదో సర్కారు శాఖవారు ఊరూరా సినిమాలు చూపించడానికి తిప్పి తిప్పి పారేసిన బండి. లోపల స్లీపరు పెట్టెలో ఉన్నట్టే మడత బెర్తులు బిగించాను. కిటికీలకు షట్టర్లు, ఒక మూల వంటగట్టు, దాని కింద బియ్యం డబ్బాలకు అర, వెనక నీళ్ల డ్రమ్ము. తోర్వాలో దానికి ‘చక్రాల క్వార్టరు’ అని పేరు పెట్టారు. నవ్వుకోవడానికే పెట్టారు కాని, పేరు నాకు నచ్చింది. దీన్ని ఖాళీ చేయమని అడిగేవాడు లేడు.

రైల్వేవాళ్లకు రోడ్డు ప్రయాణం అంటే చులకన. రిటైరయినా ఉచితంగా రైలెక్కే పాసు ఉంటుంది. పాసు ఉన్నవాడు డీజిలు కొనుక్కుని పోవడం మావాళ్ల దృష్టిలో పిచ్చితనం. ‘పాసు బీరువాలో ఎట్టి, పైసలు రోడ్డు మీద పోత్తన్నాడు’ అని మా పక్కింటి రిటైర్డు గార్డు నేను వినేలాగే అనేవాడు. నేను పట్టించుకోలేదు.

మొదటి పెళ్లికి ఈ బండిలోనే వెళ్లాం. పెళ్లికూతుర్ని ఇందులోనే అత్తవారింటికి దిగబెట్టాలని నా ఆలోచన. రాయపూర్‌లో డీజిలు పోయించాక ముల్లు సగానికి లేచింది. అక్కడి నుంచి కొండలెక్కి దిగినా సగం దగ్గరే ఉంది. బండి ఎంత పొదుపుగా నడుస్తోందో అని మా ఆవిడ నరసమ్మతో గొప్పలు చెప్పాను కూడా. సాలూరు ఘాట్‌లో, ఇంక కొన్ని మలుపులు దిగితే మైదానం అనగా, ఇంజను దగ్గి ఆగిపోయింది. సగం టాంకీ ఉన్న బండి ఎందుకు ఆగిందో అంతుపట్టక ఏవేవో విప్పాను. టాంకీ మూత తీసి చూడాలని తోచేసరికి పొద్దెక్కింది. బస్సులో సాలూరు పోయి డబ్బాతో డీజిలు తెచ్చి, గొట్టాల్లో చేరిన గాలి తీసి, బొబ్బిలి చేరేటప్పటికి తలంబ్రాలు కూడా అయిపోయాయి.

మా వైపు పెళ్లికూతుర్ని బుట్టలో కూచోబెట్టి మేనమామ పందిట్లోకి మోసుకురావాలి. మేనమామ రాకపోతే పెళ్లి ఆగిపోదు. ఎవరో ఒకరు ఎత్తుతారు. కాని ఆ లోటు ఆ ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. పైగా నేను తెచ్చిన రైల్వే సంబంధం కాదని వాళ్లు బడిపంతులి సంబంధం చేసుకున్నారు. అందుకే అలిగి కావాలని ఆలస్యం చేశానని పైడమ్మ అనుకుంది. డీజిలు అయిపోయిందని చెబితే, దాని మొగుడు, మా బావ సత్యం, బండి ఎక్కి తాళం తిప్పి చూశాడు.

“సగం టాంకీ ఉంది గదా బావా,” అన్నాడు.

నేను తెచ్చి పోసిన డబ్బాడు డీజిలుకు టాంకీ అంత నిండదని అక్కడున్నవాళ్లందరికీ తెలుసు. ఆ రోజు నుంచి పైడమ్మ నాతో మాట్లాడలేదు. ఈసారి శుభలేఖ వచ్చింది, దానితో ఒక్క ముక్క రాసి లేదు. బుట్ట ఎత్తడానికి మా పెదనాన్న కొడుకు రాములుని పిలిచారని వేరేవాళ్ల ద్వారా తెలిసింది.

తిఫ్రా

బిలాస్‌పూర్ పక్కనే ఉన్న తిఫ్రాలో ఒక గ్యారేజీవాడు ముల్లు బాగుచేస్తానని డాష్‌బోర్డులో ఉండే గడియారం లాంటి బిళ్ల మార్చాడు. కాలు విరిగినవాడికి చెప్పులు మార్చినట్టు. ముల్లు మళ్లీ సగం దగ్గరే ఆగింది. పోట్లాడితే, పెద్దవాళ్లను పిలిచినట్టు “దద్దా, సగం చూపిస్తోందంటే సగం ఉన్నట్టే,” అన్నాడు.

అప్పుడు నేనే ఒక పాత మోటారు పుస్తకం సంపాదించి చదివాను. టాంకీలో ఒక తేలే బుడ్డి ఉంటుంది. దానికో సన్నని ఇనుప చెయ్యి. డీజిలు పెరిగితే బుడ్డి లేస్తుంది, తరిగితే దిగుతుంది. చెయ్యి ఎంత లేచిందో ఒక తీగ ద్వారా ముల్లుకు తెలుస్తుంది. మిస్త్రీలు మొత్తాన్నీ ఫ్లోటు అంటారు. లోపం అక్కడ ఉందని నాకు రూఢి అయింది. కొత్త ఫ్లోటు కావాలని తిఫ్రా లారీ సామాన్ల దుకాణంలో చెబితే, నాగపూర్ నుంచి రావాలన్నారు. బయలుదేరిన రోజు పొద్దున దారిలో ఆగి అడిగితే వచ్చి ఉంది. ఇక బిగించడానికి దారే దిక్కు. నా చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి ఆ టాంకీలో పడకూడదని అప్పటికే అనుకున్నాను.

రాయపూర్ దాటి ధమ్తరీలో పడుకున్నాం. ధమ్తరీ చుట్టూ బియ్యం మిల్లులే. గాలిలో ఉడికిన వడ్ల వాసన. మా బొబ్బిలి వైపు పచ్చి బియ్యం తినే మాకు ఆ వాసన మొదట్లో పడేది కాదు. బిలాస్‌పూర్‌లో ఇన్నేళ్లు ఉన్నాక అది కూడా అన్నం వాసనే అనిపిస్తుంది.

కాంకేర్ దాటాక

టాంకీ నిండుగా ఉన్నప్పుడు ఫ్లోటు విప్పకూడదు. డీజిలు తరిగేదాకా ఓపిక పట్టాను. వెదురుబద్ద టాంకీలో ముంచి, తడి ఎంతవరకు అంటిందో చూసుకుంటూ నడిపాను. కాంకేర్ దాటాక ఒక ఇప్పచెట్టు నీడలో ఆపాను. చెట్టు కింద ఇప్పపూలు ఎండబెట్టి ఉన్నాయి. పక్కనే ఒక ముసలావిడ చీలాలు పోస్తోంది. చీలా అంటే మన అట్టే, మినప్పప్పు లేకుండా ఒట్టి బియ్యప్పిండితో. పక్కన టమాటా పచ్చడి. రెండు చీలాలు ఒక రూపాయి. మన అట్టు మరునాటికీ తినొచ్చు, చీలా పెనం మీంచి దించిన వెంటనే తినాలి.

ఇప్పుడు అసలు చిక్కు. ఫ్లోటు ఉండేది టాంకీ పైన. దాన్ని అందుకోవడానికి బండి నేలలో ఒక మూత ఉంది. ఆ మూత మీదే నేను వంటగట్టు కట్టేశాను. క్వార్టరు కట్టేటప్పుడు టాంకీ గురించి ఎవరు ఆలోచిస్తారు?

“వంటగట్టు విప్పాలి,” అన్నాను.

“మొదట ఇల్లు ఖాళీ సేయించేరు. ఇప్పుడు వంటిల్లు ఖాళీ సేయిస్తన్నారు,” అంది నరసమ్మ.

“నేనా ఖాళీ చేయించింది? రైల్వే.”

“ఎవులయితే ఏటి, సామాన్లు మోసేది నేనే గదా.”

బియ్యం డబ్బా, పప్పుల డబ్బాలు, ఆవకాయ జాడీ, స్టవ్వు, మేనకోడలి కోసం చేసిన అరిసెల డబ్బా, అన్నీ చెట్టు కిందకు చేరాయి. రోడ్డున పోయేవాళ్లు ఆగి చూశారు. చీలాల ముసలావిడ తన ఛత్తీస్‌గఢీలో, ‘వీళ్లని ఇంట్లోంచి వెళ్లగొట్టారా’ అని ఎవర్నో అడిగింది. బీడీలు కాలుస్తూ దగ్గరికి వచ్చినవాళ్లను దూరంగా పొమ్మన్నాను. బ్యాటరీ తీగ ఊడదీసి, మూత ఎత్తి, మరలు తిప్పి, పాత ఫ్లోటును పైకి లాగాను.

చెయ్యి మొదట్లో తుప్పు పట్టి ఉంది. బుడ్డిని పైకి ఎత్తితే లేస్తోంది. వదిలితే సగం దాకా దిగి అక్కడే ఆగిపోతోంది. వేలితో నొక్కితే తప్ప కిందికి రావడం లేదు. రెండేళ్లుగా నన్ను అబద్ధాలకోరును చేసింది ఈ వేలెడంత తుప్పు. నరసమ్మకు చూపించాను. ఎత్తాను, వదిలాను. మళ్లీ ఎత్తాను, వదిలాను.

“సూసేనండి. డీజిలు అరిసెల మీద కారతంది,” అంది.

నిజమే. ఆ డబ్బా మూత సరిగా పెట్టి లేదు. పైవరస అరిసెలు తడిసిపోయాయి. వాటిని పారేశాం. కిందివి వాసన వస్తున్నా పారేయడానికి నాకు మనసొప్పలేదు. ఆ తరవాత దారి పొడవునా అవి నేనే తిన్నాను.

పాత ఫ్లోటును తువ్వాలులో చుట్టి బెర్తు కింద భద్రంగా పెట్టాను. కొత్తదాన్ని నా పద్ధతిలో బిగించాను. మా డిపోలో ఏది బిగించినా దాని కింద రబ్బరు, మరకు నైలాను వాషరు, మర చుట్టూ రబ్బరు తొడుగు ఉండాలి. రైలు పెట్టెలో కరెంటుకు రావడానికి ఒక తీగ, పోవడానికి ఒక తీగ. పెట్టె ఒంటికి కరెంటు తగిలిందంటే అది లీకేజీ. ఆ లీకేజీలు వెతికి పట్టుకోవడంలోనే నా సర్వీసు గడిచింది. అందుచేత టాంకీ ఇనుముకు ఎక్కడా తగలకుండా, మా ఇన్‌స్పెక్టరు వచ్చి చూసినా వేలెత్తి చూపలేనట్టు బిగించి, బ్యాటరీ తగిలించి, నరసమ్మను క్యాబిన్‌లో కూచుని తాళం తిప్పమన్నాను.

“ఏం చూపిస్తోంది?”

“ఏటీ నేదండి.”

“సరిగా చూడు.”

“సరిగానే సూత్తన్నాను. ఇదివరకు సగమైనా ఉండేది. ఇప్పుడు అదీ పోనాది.”

దుకాణంవాణ్ణి తిట్టుకున్నాను. నాగపూర్‌ను కూడా తిట్టుకున్నాను. వంటగట్టు మళ్లీ బిగించి, వెదురుబద్ద మీద భారం వేసి కేశ్‌కాల్ ఘాట్ ఎక్కాను.

జగదల్‌పూర్

బస్తర్‌లో ఇది ఇప్పపూల కాలం. రోడ్డు వారగా చాపల మీద పూలు, పెంకుల మీద పూలు, కొన్నిచోట్ల రోడ్డు మీదే పూలు. వాటిని తొక్కకుండా బండి పోనివ్వడం కష్టం. కల్లాల్లో కాక రోడ్డు మీద ధాన్యం ఎండబెట్టే అలవాటు మన జిల్లాల్లోనూ ఉంది, కాని మనవాళ్లు బండిని చూసి తిడతారు. ఇక్కడివాళ్లు లేచి నిలబడి చూస్తారు, అంతే. జగదల్‌పూర్ సంతలో ఎర్రచీమల పచ్చడి ఆకు దొన్నెల్లో అమ్ముతున్నారు. పుల్లగా ఉంటుందట. కొంచెం రుచి చూద్దామన్నాను.

“డీజిలు అరిసెలు సాలవేటి?” అంది నరసమ్మ.

సంత పక్క మైదానంలో వంటగట్టు మళ్లీ విప్పాం. ఈసారి నరసమ్మ నాకంటే ముందే డబ్బాలు దించింది. కొత్త ఫ్లోటు ఊడదీసి వెనక్కు తీసుకుపోయి దుకాణంవాడి ముఖాన కొడదామని నా ఉద్దేశం. ఊడదీసేముందు చివరిసారిగా చూద్దామని, నరసమ్మను తాళం తిప్పి ఉంచమన్నాను. మర మీద స్క్రూడ్రైవరు పెట్టబోతుంటే జారి, ఫ్లోటు పైనున్న రేకుకూ టాంకీ అంచుకూ మధ్య అడ్డంగా పడింది.

“లేచినాది,” అంది క్యాబిన్‌లోంచి.

“ఏం లేచింది?”

“ముల్లండి.”

స్క్రూడ్రైవరు తీశాను.

“పడిపోనాది.”

మళ్లీ పెట్టాను.

“లేచినాది. ఏటండి, ఆడుకుంటన్నారా?”

అసలు సంగతి అప్పుడు తెలిసింది. మోటారు బండికి ఒక్కటే తీగ. రెండో తీగ బండి ఒళ్లే. కరెంటు ఫ్లోటులోంచి టాంకీకి, టాంకీ నుంచి బండి చట్రానికి, అక్కడి నుంచి బ్యాటరీకి తిరిగి పోవాలి. పుస్తకంలో బొమ్మ ఉంది. అందులో రెండో తీగ గీసి లేకపోతే, అచ్చు వేసినవాడు మరిచిపోయాడనుకున్నాను. జన్మంతా లీకేజీ అని చార్జిషీటు ఇప్పించిన దాన్నే మోటారువాళ్లు చట్టంగా పెట్టుకున్నారు. ఒక తీగ మిగుల్చుకోవడానికి ఇంత కక్కుర్తి ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నైలాను వాషర్లు, తొడుగులు తీసేశాను. డీజిలు కారకుండా రబ్బరు మాత్రం ఉంచాను. మరలు పట్టే చోట రంగు గీకి ఇనుము మెరిసేలా చేసి బిగించాను. ముల్లు లేచి పావు దగ్గర నిలబడింది. బద్ద ముంచి చూశాను. పావే. బంకుకు పోయి పోయించుకుంటుంటే ముల్లు నెమ్మదిగా ఎక్కడం ఇద్దరం చూశాం. నరసమ్మ దానికి దండం పెట్టింది. ఎగతాళికో, నిజంగానో అడగలేదు.

కొరాపుట్

ఒడిశా దాటుతుంటే మధ్యాహ్నం ఒక పూటకూళ్ల ఇంట్లో పఖాళ పెట్టారు. నీళ్లన్నం, వేయించిన వంకాయ, ఉల్లిపాయ. మన చద్దన్నమే. కాని మనం చద్దన్నం ఇంట్లో తలుపు వేసుకుని తింటాం, వచ్చినవాళ్లకు పెట్టం. వాళ్లు అడిగిమరీ వడ్డిస్తారు.

కొరాపుట్‌లో పొద్దు వాలే వేళ ఒక సాలూరు లారీ డ్రైవరు కలిశాడు. టీ తాగుతూ నా బండి చుట్టూ తిరిగి చూశాడు. లోపల బెర్తులు చూసి, “టీటీ ఎక్కడ మావా?” అన్నాడు. ముల్లు కథంతా చెప్పాను. తువ్వాలు విప్పి పాత ఫ్లోటు చూపించాను. ఎత్తాను, వదిలాను.

“ముల్లు సూసి నడిపితే మా బళ్లన్నీ ఎప్పుడో లోయలో ఉండును,” అన్నాడు. తన లారీ టాంకీ మీద వేలి కణుపులతో కొట్టి, “ఈ సప్పుడే మాకు ముల్లు.”

“మా డిపోలో చప్పుడు విని రాసిస్తే మెమో ఇస్తారు,” అన్నాను.

“సర్లే గాని, ఈ యంత్రం సూపించి సెల్లిని గెలుత్తావేటి మావా?”

“గెలవడం కాదు. నిజం తేలాలి.”

నవ్వి టీ డబ్బులు తనే ఇచ్చేసి పోయాడు. ఇస్తానన్నా ఒప్పుకోలేదు.

సాలూరు ఘాట్

రెండేళ్ల కిందట బండి ఆగిన మలుపు దగ్గర కావాలనే ఆపాను. ముల్లు సగానికి పైన ఉంది. టాంకీ మూత తీసి బద్ద ముంచాను. సగానికి పైనే. కింద సాలూరు మామిడితోటలు మసకగా కనిపిస్తున్నాయి. ఈ మలుపులోనే ఆ రోజు నరసమ్మ పెళ్లికి కట్టుకున్న చీరతో రాయి మీద కూచుని, నేను డబ్బాతో తిరిగి వచ్చేదాకా బండికి కాపలా కాసింది. ఆ మాట అది ఎప్పుడూ ఎత్తలేదు. ఇప్పుడూ ఎత్తలేదు. రాయి మాత్రం అక్కడే ఉందని చూపించింది.

బొబ్బిలి

ముందురోజే చేరాం. పందిరి వేస్తున్నారు. పైడమ్మ చేతుల నిండా పసుపుతో నరసమ్మను కావలించుకుంది. నా వైపు చూసి, “కాళ్లకి నీళ్లివ్వండి,” అని ఎవరికో చెప్పింది. నాతో కాదు.

కాళ్లు కడుక్కున్న వెంటనే నా పని మొదలుపెట్టాను. బావ సత్యాన్ని, రాములుని, అరుగు మీద ఉన్న పెద్దల్ని బండి దగ్గరికి పిలిచాను. డాష్‌బోర్డు వెనక ముల్లుకు వచ్చే తీగ ఊడదీసి, పాత ఫ్లోటు నుంచి ముల్లుకు ఒక తీగ, బండి ఒంటికి ఒక తీగ కలిపి, తాళం తిప్పి, బుడ్డిని పైకి ఎత్తాను. ముల్లు నిండుకు పోయింది. బుడ్డిని వదిలాను. సగం దాకా దిగి ఆగింది. ముల్లూ అక్కడే ఆగింది.

“ఇప్పుడు టాంకీ ఎండిపోయిందనుకోండి. ముల్లు ఏం చెబుతోంది?”

“సగం అంటంది,” అన్నాడు సత్యం. తనే రెండుమూడుసార్లు ఎత్తి వదిలి చూశాడు. “అవును బావా. దిగడం నేదు. ఆ రోజు నేను సూసింది ఇదే.”

పెద్దలు తలలూపారు. పైడమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. “చూశావు కదా. ఇప్పుడేమంటావు?” అని అడిగాను. లోపలికి వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున ముహూర్తం. పసుపు రాసిన బుట్ట పెరట్లో పెట్టారు. మేనకోడలు అందులో కూచుంది. రాములు ఒక పక్క పట్టుకుని నిలబడ్డాడు. నన్ను ఎవరూ పిలవలేదు. పిలవని చోటికి పోయే అలవాటు లేక వసారా స్తంభం పక్కనే నిలబడ్డాను. మేళం మొదలైంది. ‘మేనమామలు రావాలి’ అని పురోహితుడు అరిచాడు. అప్పుడు పైడమ్మ జనాన్ని తప్పించుకుంటూ నా దగ్గరికి వచ్చింది. రెండేళ్లకు నా ముఖంలోకి చూసి మాట్లాడింది. నిన్న నేను అడిగినదానికి అది ఇచ్చిన జవాబు ఇది:

“నీ ముల్లు అబద్ధమాడినాదని ఒప్పుకున్నానన్నయ్యా. నిన్ను అనరాని మాట అన్నాను, అదీ ఒప్పుకున్నాను. మరి మా ఊళ్లో రైలు ఆగుతాది, నీ జేబులో పాసుంది. నా కూతురి పెళ్లికి ఆ డబ్బా బండిలో ఎందుకొచ్చినావు? దానికి ఏ యంత్రం సూపిస్తావో తరవాత సూపించు. ముందొచ్చి బుట్ట పట్టు, నడుం జాగర్త.”